గుండె దడదడలాడుతుండగానే ప్రార్థన, సాక్ష్యం: ఎలా మొదలుపెట్టాలి?

భయం పూర్తిగా పోయాక నోరు విప్పుదాం, సందేహాలన్నీ తీరాక సాక్ష్యం (దేవుడు తమ జీవితంలో చేసినది నలుగురిలో చెప్పడం) చెబుదాం అనుకునేవాళ్లు ఏళ్ల తరబడి అలాగే ఆగిపోతారు. బైబిల్లో చాలామందికి ఆ వరుసలో జరగలేదు. బయలు అనే దేవత బలిపీఠాన్ని పడగొట్టమని దేవుడు చెప్పినప్పుడు గిద్యోను ఇంటివాళ్లకీ ఊరివాళ్లకీ భయపడి పగలు చేయలేక రాత్రిపూట చేశాడు (న్యాయాధిపతులు 6:27). రాత్రి చేశావేమని దేవుడు ఒక్క మాట అనలేదు. కొరింథులో పౌలు ‘బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను’ ఉన్నానని తానే రాసుకున్నాడు (1 కొరింథీయులకు 2:3). వణుకుతూనే బోధించాడు. అందుకని ఇక్కడ భయాన్ని పోగొట్టే ఉపాయాలు చెప్పడం లేదు. అది పక్కనే ఉండగా ఏం చేయాలో, ఎంత చేయాలో చెబుతున్నాం. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు ఉండే తెలుగు విశ్వాసులను మనసులో పెట్టుకుని రాస్తున్నాం.

మొదట: మీది ఏ భయమో కాగితం మీద పెట్టండి

‘నాకు ధైర్యం లేదు’ అని రాస్తే ఉపయోగం లేదు. ఎవరి ముందు, ఎక్కడ, ఏం చేయాల్సి వచ్చినప్పుడు అన్నది రాయాలి. ‘గురువారం ప్రార్థన కూటంలో అయ్యగారు (పాస్టరుగారు) ప్రార్థన చేయమంటారని’, ‘పండగ చందాకి వచ్చినప్పుడు అత్తవారి ముందు ఏం చెప్పాలో తెలియక’, ‘మొన్న చేసిన తప్పు తెలిసిన ఫలానా ఆవిడ అదే వరసలో కూర్చుంటుందని’, ఇలా. అయిదారు వాక్యాలు రాసేసరికి నాలుగు రకాలు విడిపోతాయి: నలుగురిలో మాట్లాడే బెరుకు, నేను తగనన్న భావం, అసలు నమ్ముతున్నానా అన్న సందేహం, బయటివాళ్ల వల్ల ఏమవుతుందోనన్న భయం.

ఈ నాలుగింటినీ ఒకే మూటలో కట్టడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. మాట్లాడే ముందు గొంతు ఎండడం, చేతులు చల్లబడడం శరీరానికి సంబంధించినవి. పెళ్లిలో మైకు ఇచ్చినా అంతే అవుతుంది. దాన్ని అవిశ్వాసమని పేరు పెట్టుకుని ఉపవాసాలు మొదలుపెడితే బెరుకు తగ్గదు, పైగా ‘ఉపవాసం ఉన్నా పోలేదే’ అన్న నింద ఒకటి నెత్తికెక్కుతుంది. దొంగతనంగా చేసిన పనిని సరిదిద్దుకోకుండా మాట్లాడడం ఎంత సాధన చేసినా, ఆ లోపలి పోటు ఆగదు. ఏ రకానికి ఆ పని వేరు.

ఇంట్లో పది నిమిషాలు

రోజూ పది నిమిషాలు, ఒకే వేళ, ఒకే చోటు. ఒంటిగది ఇల్లయితే డాబా మీదో, పెరట్లోనో, ఇంట్లో అందరూ లేవకముందు పొయ్యి దగ్గరో కూర్చోండి. ఇంట్లో మిగతావాళ్లు వేరే విశ్వాసంలో ఉంటే దాక్కోవలసిన పని లేదు, వాళ్ల పనికి అడ్డురాని వేళ చూసుకుంటే చాలు. మొదటి రెండు నిమిషాలు ఊరుకుని కూర్చోండి. తరవాత అయిదు నిమిషాలు వాక్యం పైకి వినబడేలా చదవండి. చివరి మూడు నిమిషాలు ప్రార్థన, అదీ పైకే. పెదవులు కదిలి శబ్దం రావాలి. మనసులోనే చేసుకునేవాళ్లకి కూటంలో సొంత గొంతు వినబడగానే కొత్తగా ఉండి కంగారు పుడుతుంది. ఇంట్లో రోజూ విన్న గొంతుకి ఆ కొత్త ఉండదు.

ఏం చదవాలి? మార్కు సువార్త 16 అధ్యాయాలు, రోజుకొకటి. పెద్ద అధ్యాయం వస్తే రెండు రోజులు చేయండి. మధ్యలో భయం పట్టిన రోజున 27, 34, 56, 121 కీర్తనల్లో ఒకటి. ‘నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను’ అన్న 56:3 కంఠతా పట్టండి. భయం రాని దినమని అందులో లేదు. ఏమీ బాగాలేని రోజున 88వ కీర్తన చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా కీర్తనల గ్రంథంలో దానికి చోటుంది.

రోజుకి గంట, నలభై రోజుల మొక్కుబడి అంటూ మొదలుపెట్టవద్దు. మూడో రోజో నాలుగో రోజో తప్పిపోతుంది, ‘నేను దేనికీ పనికిరాను’ అన్న మాటకి అదొక రుజువైపోతుంది. ఒక రోజు తప్పితే మర్నాడు పది నిమిషాలే చేయండి. బాకీ తీర్చినట్టు ఇరవై చేయకండి.

చదువు రాదన్న సిగ్గు

సరిహద్దు జిల్లాల్లో దీని గురించి విడిగా చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన పిల్లలు చాలామంది తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు అక్షరం చూస్తే ఆగిపోతారు. ‘వాక్యం చదవమ్మా’ అనగానే బైబిల్ పక్కవాళ్ల చేతిలో పెట్టేస్తారు. కొన్నాళ్లకి కూటమే మానేస్తారు. బయటికి అది విశ్వాసం చల్లారినట్టు కనిపిస్తుంది. లోపల ఉన్నది చదవలేనన్న సిగ్గు.

ఇలా చేయండి. కూటం నడిపేవారికి ముందే చెప్పండి: ‘అయ్యగారూ, నాకు తెలుగు చదవడం రాదు, ఒడియా బైబిల్లోంచి చదువుతాను’ అని. ఈ మాట చెప్పడం ఒక్కసారే కష్టం. తెలుగు నేర్చుకోవాలనుంటే 117వ కీర్తనతో మొదలుపెట్టండి. రెండే వచనాలు, బైబిల్లో అన్నిటికంటే చిన్న అధ్యాయం. పెద్దవాళ్లెవరితోనైనా చదివించుకుని ఫోనులో రికార్డు చేసుకోండి. వింటూ వరస కింద వేలు పెట్టి కదపండి. అది తడబడకుండా వచ్చాక ఆరు వచనాల 23వ కీర్తన, ఆ తరవాత ఎనిమిది వచనాల 121. ఈ మూడూ చేతికి వస్తే కూటంలో ‘నేను చదువుతాను’ అని మీరే అనగలరు.

మరో సంగతి. తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంటుంది కాబట్టి ప్రార్థన కూడా అలాగే ఉండాలనుకుని చాలామంది నోరు మూసుకుంటారు. అక్కర్లేదు. అమ్మతో ఏ మాటల్లో మాట్లాడతారో ఆ మాటల్లోనే చేయండి. మధ్యలో ఒడియా మాట దొర్లితే దొర్లనివ్వండి. సవర ఇంట్లో పెరిగినవాళ్లు సవరలో చేసి ఆమెన్ అంటే, అర్థం కాకపోయినా సంఘమంతా ఆమెన్ అంటుంది. పాస్టరుగారి గొంతునీ రాగాన్నీ అనుకరించడం మాత్రం వద్దు. ఊపిరి చాలక మధ్యలో ఆగిపోయేది అక్కడే.

కూటంలో మొదటి ప్రార్థన

నాలుగు వాక్యాలు చాలు. ఒక పిలుపు, ఒక స్తోత్రం, ఒక మనవి, ముగింపు. ఉదాహరణకి:

‘తండ్రీ, నీకు వందనాలు. ఈ సాయంత్రం మమ్మల్ని క్షేమంగా ఇక్కడికి తెచ్చావు, నీకు స్తోత్రం. ఈ ఇంటి పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, నువ్వే ముట్టు తండ్రీ. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమెన్.’

అర నిమిషం కూడా పట్టదు. మీ నాలుగు వాక్యాలు మీరే కాగితం మీద రాసుకోండి. ఇంట్లో మూడుసార్లు పైకి చెప్పండి. కాగితం చూస్తూ ప్రార్థించినా దోషం లేదు, కళ్లు తెరిచి ఉంటే దేవుడు వినడని ఎక్కడా లేదు.

కూటం రోజున నడిపేవారిని ముందే కలిసి ‘అన్నా, నన్ను రెండోవాడిగా అడగండి’ అనండి. చివరికి పెట్టించుకోవద్దు. ఒక్కొక్కరూ ముగిస్తున్న కొద్దీ దడ పెరుగుతుంది, పైగా మీరు రాసుకున్న మనవి ఇంకొకరు చెప్పేస్తారు. మొదటివాళ్లుగా కూడా వద్దు, ముందొక గొంతు వినబడితే ఎంత గట్టిగా మాట్లాడాలో తెలుస్తుంది. మీ వంతు రాగానే వెంటనే మొదలుపెట్టకండి. పాదాలు నేలకి ఆనించి, ఊపిరి నిదానంగా పూర్తిగా వదలండి. గట్టిగా పీల్చుకుంటే గొంతు బిగుస్తుంది. వదిలితే వదులవుతుంది. మామూలు కంటే కాస్త తగ్గు స్వరంలో ‘తండ్రీ’ అని ఆగండి. మిగతావి వస్తాయి.

రాకపోతే? మాట పూర్తిగా పోయిందనుకోండి, ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని ఎత్తుకోండి. రెండో మాటకే అందరూ కలుస్తారు. మీరు ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. తెలిసినా నష్టం లేదు.

ఇంటికి వచ్చాక ‘ఎలా చేశాను’ అని ఎవరినీ అడగవద్దు. ‘బాగుంది’ అంటే మరుసటి వారం అంత బాగా చేయాలన్న బరువు, ‘పర్వాలేదు’ అంటే వారమంతా బాధ. రెండూ అక్కర్లేదు. వరసగా నాలుగు వారాలు అదే కూటంలో అవే నాలుగు వాక్యాలు, మనవి మాత్రం మార్చుకుంటూ చేయండి. అయిదో వారం కాగితం లేకుండా చూడండి. అప్పటికీ గుండె కొట్టుకుంటుంది, కానీ దాన్ని చూసి మీరు ఆగరు.

సాక్ష్యం చెప్పాల్సి వస్తే

రెండు నిమిషాలు, కాగితం మీద పన్నెండు నుంచి పదిహేను వాక్యాలు. ముందు ఏం జరిగింది, అప్పుడు దేవుని వైపు ఎలా తిరిగారు, ఇప్పుడు ఎక్కడున్నారు. చివరి భాగంలో జవాబు రాని ప్రార్థన ఉంటే అలాగే చెప్పండి: ‘ఇంకా కాలేదు, అడుగుతూనే ఉన్నాను.’ దీన్ని తీసేసి అంతా చక్కబడిందని చెప్పే సాక్ష్యం వల్లే వెనక వరసలో కూర్చున్న బాధపడేవాళ్లు తమకే ఏదో లోపముందని ఇంటికి వెళతారు.

వదిలేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లోవాళ్ల జబ్బులూ తగాదాలూ వాళ్ల అనుమతి లేకుండా చెప్పకూడదు. చిన్న ఊళ్లో పేరు చెప్పకపోయినా ఎవరో తెలిసిపోతుంది. ఇరుగుపొరుగు దేవుళ్లని కించపరిచే మాట ఒక్కటి కూడా వద్దు. అది ప్రేమ కాదు, దానివల్ల సంఘానికే అపాయం. గుడ్ ఫ్రైడేకి యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒకదాని మీద మాట్లాడమని అప్పగిస్తే, బెరుకున్నవాళ్లు ‘దప్పిగొనుచున్నాను’ అన్న మాట అడిగి తీసుకోండి (యోహాను 19:28). సందేహంతో నలిగినవాళ్లు ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అన్నది తీసుకుంటే వాళ్లకంటే బాగా ఇంకెవరూ చెప్పలేరు.

‘నేను తగను’ అన్న మాట

దీనికి ఒక పరీక్ష ఉంది. మనసు నింద వేసినప్పుడు ‘ఏం చేశాను, ఎప్పుడు, ఎవరికి?’ అని అడగండి. సమాధానం సూటిగా వస్తే, అంటే ‘మరదలి గురించి అబద్ధం చెప్పాను’, ‘దుకాణంలో తీసుకున్న మూడు వందలు ఇవ్వలేదు’ అని వస్తే, అది సరిదిద్దగల పాపం. దేవుని ముందు ఒప్పుకుని, ఆ వారంలోనే ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. డబ్బయితే తిరిగి ఇవ్వండి. మాటయితే ‘నేనన్నది తప్పు’ అనండి, ‘కానీ నువ్వు కూడా’ అన్న ముక్క కలపకుండా.

సమాధానం రాకుండా ‘నువ్వింతే, నువ్వు పనికిరావు’ అన్న రొదే వస్తుంటే, ఒప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. మన హృదయం మనమీద దోషారోపణ చేసినా దేవుడు మన హృదయం కంటె అధికుడని 1 యోహాను 3:20 చెబుతుంది. ఆ వచనం పైకి చదివి, లేచి చేస్తున్న పని చూసుకోండి. ఆ రొదతో వాదనకి దిగితే రాత్రంతా సరిపోదు.

ప్రభు బల్ల (సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచారం) విషయంలో జరిగే నష్టం ఎక్కువ. తగనని నెలల తరబడి వెనక్కి జరిగి కూర్చునేవాళ్లున్నారు. 1 కొరింథీయులకు 11:28 మళ్లీ చదవండి: తన్ను తాను పరీక్షించుకోవాలి, ఆలాగు చేసి ఆ రొట్టె తినాలి. పరీక్షించుకుని మానేయమని అక్కడ లేదు. శనివారం రాత్రి పరీక్షించుకోండి, సరిదిద్దవలసింది సరిదిద్దే నిర్ణయం చేసుకోండి, ఆదివారం బల్ల దగ్గరికి రండి. సంఘ క్రమశిక్షణలో ఉన్నవాళ్లు మాత్రం పాస్టరుగారితో మాట్లాడాలి.

మనసులోది చెప్పుకోవడానికి ఒకరు కావాలి. ఎవరిని ఎంచుకోవాలి? ఇంకొకరి రహస్యం మీ దగ్గరికి మోసుకురాని మనిషిని. ఆడవాళ్లయితే పాస్టరమ్మగారో, స్త్రీల సమాజంలో పెద్దావిడో.

సందేహం వచ్చినప్పుడు

యేసు తిరిగి లేచాడంటే శిష్యుడైన తోమా నమ్మలేకపోయాడు గానీ మిగతా శిష్యుల్ని వదిలిపోలేదు. ఎనిమిది దినాల తరవాత యేసు వచ్చినప్పుడు అతను ఆ గదిలోనే ఉన్నాడు (యోహాను 20:26). కాబట్టి సందేహమున్న నెలలో కూటం మానకండి. పాట నోటికి రాకపోతే మిగతావాళ్లు పాడుతుంటే వినండి. ప్రశ్నని తేదీ వేసి ఒక పుస్తకంలో రాసుకోండి, ఒకసారికి ఒక ప్రశ్నే పెద్దలకి పట్టుకెళ్లండి. పది కలిపి అడిగితే ‘ప్రార్థన చేసుకో’ అన్న జవాబే వస్తుంది. దయ్యం పట్టిన పిల్లవాణ్ణి యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి అన్నట్టు, ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము’ (మార్కు 9:24) అనండి. ఆ ప్రార్థనకి యేసు జవాబిచ్చాడు.

ఇంటి బయట

చందా, ప్రసాదం, ఊరేగింపు: రథయాత్రకి, బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రకి ఇవి ఎదురవుతాయి. ఏది తీసుకోవచ్చు, ఏది కాదన్న దాంట్లో సంఘాలన్నీ ఒక్కమాట మీద లేవు. రోమీయులకు 14, 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు చదివి మీ పెద్దలతో ముందే తేల్చుకోండి. గుమ్మం దగ్గర మనిషి నిలబడ్డాక ఆలోచించడం మొదలుపెడితే భయమే నిర్ణయం చేస్తుంది. ఒక్క వాక్యం తెలుగులోనూ ఒడియాలోనూ సిద్ధంగా ఉంచుకోండి: ‘ఏమీ అనుకోకు బాబూ, మేము పూజకి ఇవ్వము. వీధి దీపాలకో మంచినీళ్లకో అయితే చెప్పు, తప్పకుండా ఇస్తాం.’ అన్నాక నిజంగా ఇవ్వాలి.

ఎవరైనా మీ విశ్వాసం గురించి అడిగితే రెండు మూడు మాటల్లో చెప్పి ఆపండి. ‘సాత్వికముతోను భయముతోను’ జవాబు చెప్పమని 1 పేతురు 3:15. వాదన గెలవమని కాదు.

చట్టం గురించి పుకార్లే ఎక్కువ భయపెడతాయి, కాబట్టి తెలిసి ఉండడం మంచిది. రాజ్యాంగం 25వ అధికరణ మత విశ్వాసాన్ని పాటించే, ప్రకటించే హక్కు ఇస్తుంది. ఒడిశాలో 1967 నాటి మతస్వేచ్ఛ చట్టం బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మార్చడాన్ని నేరం చేసింది. మీ ఇంట్లో మీరు ప్రార్థించుకోవడాన్ని అది ఆపదు. డబ్బు, ఉద్యోగం, మందులు ఇస్తూ అదే నోటితో విశ్వాసం మాట మాట్లాడకండి. సాయం చేస్తే షరతు లేకుండా చేయండి. మతం మారి బాప్తిస్మం తీసుకునేవారు తమ ఇష్టంతోనే మారుతున్నామని మేజిస్ట్రేటు ఎదుట ముందుగా ప్రకటన ఇవ్వాలనీ, కార్యక్రమం జరిపించే పాస్టరు 15 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకి తెలపాలనీ 1989 నియమాల్లో ఉంది. సంఘ పెద్దలూ ఒక వకీలూ కలిసి చూడవలసిన పని ఇది. కుల ధ్రువపత్రం గురించి చాలామందికి దిగులు. ఎస్టీ గుర్తింపుకి మతం షరతు లేదు. ఎస్సీ గుర్తింపు మాత్రం 1950 ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులకే ఉంది. దీన్ని దాచి ఎవరికీ సలహా ఇవ్వకూడదు, తెలిసి నిర్ణయించుకునే హక్కు వాళ్లది.

నిజంగా అపాయముందని తోస్తే తప్పుకోవడం పిరికితనం కాదు. దమస్కులో పౌలుని గంపలో గోడ మీదుగా దించారు (అపొస్తలుల కార్యములు 9:25). ఒక పట్టణంలో హింసిస్తే ఇంకొక పట్టణానికి పారిపొమ్మని యేసే చెప్పాడు (మత్తయి 10:23). రాత్రి కూటాలకి ఇద్దరిద్దరుగా వెళ్లండి, ఎవరైనా గొడవకి వస్తే ఎదురు మాట్లాడకండి, 112కి ఫోను చేయండి.

వైద్యం అవసరమైనప్పుడు

రెండు వారాలుగా నిద్ర లేకపోవడం, కారణం లేకుండా ఒక్కసారిగా ఊపిరాడనట్టు అవడం, తిండి మీద ధ్యాస పోవడం, చచ్చిపోవాలన్న ఆలోచన: వీటికి ప్రార్థనతో పాటు వైద్యుడు కావాలి. చచ్చిపోవాలన్న ఆలోచనకయితే రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ 14416కి ఉచితంగా, ఏ వేళయినా చేయవచ్చు, మాట్లాడే భాష ఎంచుకోవచ్చు. బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ప్రార్థన చేయించుకున్నామని మందులు మధ్యలో ఆపకండి, ఆపాలో వద్దో రాసిన డాక్టరే చెప్పాలి. చావు కోరుకుని బదరీ వృక్షం కింద పడుకున్న ఏలీయాకి దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని పడుకున్నాక మళ్లీ లేపి తినమన్నాడు (1 రాజులు 19). ప్రసంగం చేయలేదు.

కూటం నడిపేవారికి

బెరుకుగా ఉన్నవాళ్లని అందరి ముందు హఠాత్తుగా పేరు పెట్టి పిలవకండి. మూడు రోజుల ముందు ఇంటికి వెళ్లి అడగండి, కాదంటే నవ్వి ఊరుకోండి, ఒక నెల తరవాత మళ్లీ అడగండి. ఆ లోపల పాటల పుస్తకాలు పంచడం, చాపలు పరవడం, కానుక పట్టడం అప్పగించండి. నలుగురి మధ్య లేచి నడవడం అలవాటైనవాళ్లకి నోరు విప్పడం సులువు. ఒప్పుకుంటే వాక్యం చీటీ మీద రాసి ముందు రోజే ఇవ్వండి, తెలుగు చదవలేనివాళ్లకి అదే వచనాన్ని ఒడియా లిపిలో రాయించి ఇవ్వండి. వాళ్లు తడబడినప్పుడు పక్కనుంచి మాట అందించకుండా అయిదు క్షణాలు ఆగండి. చాలాసార్లు వాళ్లే అందుకుంటారు.